నొక్కు, పట్టుకో, వదులు

"నొక్కు" అన్నారు ఆయన. "నొక్కాను" అన్నాను. "పట్టుకో." "పట్టుకున్నాను." కారు వెనక, ఎడమ చక్రం దగ్గర, నాకు కనపడని చోట పానా తిరిగిన చప్పుడైంది. నా కాలి కింద పెడల్ దిగింది. మళ్ళీ పానా చప్పుడు. "వదులు." "వదిలాను." ఇంతే పని. బ్రేకులు మార్చాక గొట్టాల్లో గాలి చేరుతుందట, దాన్ని ఇలా తీస్తారట. ఒకరు సీట్లో కూర్చుని తొక్కి పట్టాలి. ఇంకొకరు చక్రం వెనక పడుకుని ఒక నట్టు విప్పాలి, గాలీ పాత ఆయిలూ సన్న గొట్టం గుండా సీసాలోకి పోయాక బిగించాలి, అప్పుడు వదలమని చెప్పాలి. ఆ మాట రాకముందే సీట్లో ఉన్నవాళ్ళు కాలు తీస్తే పోయిన గాలి తిరిగి వచ్చి కూర్చుంటుంది. పొద్దున ఆయన ఇదంతా నాకు బోర్డు ముందు నిలబడి చెప్పినట్టు చెప్పారు, మధ్యలో ఆగి "అర్థమైందా?" అని అడుగుతూ. అర్థమైంది. ఆయనకు నా కాలు కనపడదు. నాకు ఆయన చెయ్యి కనపడదు. మధ్యలో ఉన్నవి మూడు మాటలు.

కారు మా ఇంటి ముందు గచ్చు మీద ఉంది. వెనక భాగం జాకీతో లేపి రెండు ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టారు. అందువల్ల సీటు ముందుకి వాలింది, కూర్చుంటే స్టీరింగు మీద పడుతున్నట్టుంది. ఉక్కకి కారు తలుపు బార్లా తెరిచాను. తలుపుకి ఎదురుగా గడప మెట్టు మీద అత్తగారు పీట వేసుకుని బఠాణీలు ఒలుస్తున్నారు. ఇవాళ ఆదివారం. రేపు పదింటికల్లా నేను కొండ దిగి కింది ఊళ్ళో మా బ్రాంచిలో కొత్త పోస్టు కుర్చీలో కూర్చోవాలి. కూర్చోకపోతే ఆ కుర్చీ జాబితాలో నా తర్వాతివాడిది. నా తర్వాతివాడు నాకు తెలుసు, బ్యాగు సర్దుకుని ఫోను పక్కనే పెట్టుకుని ఉన్నాడు. పోస్టు ఇచ్చేముందే అడిగారు, సొంత బండి ఉందా, రోజూ దిగి ఎక్కగలరా, ప్రమాదం జరిగిందని కబురొస్తే అప్పటికప్పుడు బయల్దేరగలరా అని. ఉంది, గలను అన్నాను. మొదటిరోజే బస్సు దిగి నడుచుకుంటూ వెళితే ఆ మాట మొదటిరోజే పోతుంది. పైగా మొదటి బస్సు అక్కడికి చేరేసరికి మధ్యాహ్నం భోజనాలవుతాయి. ఈ సంగతులన్నీ ఆయనకు తెలుసు. తెలిసీ ఇవాళే, ఈ ఆదివారమే, నాలుగు చక్రాలూ ఊడదీసి కూర్చున్నారు.

"నొక్కు." "నొక్కాను." "పట్టుకో." "పట్టుకున్నాను."

నేను బీమా ఆఫీసులో క్లెయిములు చూస్తాను. గుద్దుకున్న బండ్ల కాగితాలు నా బల్ల మీదికి వస్తాయి. ఎవరు రాసినా ఒకటే రాస్తారు, బ్రేకు పడలేదు. పాల వ్యాను గోడలోకి వెళితే బ్రేకు పడలేదు, పెళ్ళికొడుకు కారు కాలవలోకి వెళితే బ్రేకు పడలేదు. బండిని మా మనిషి వెళ్ళి చూస్తాడు, బ్రేకులు భేషుగ్గా ఉంటాయి, పడనిది డ్రైవరు కాలు. రాత్రి అన్నాల దగ్గర ఈ కథలు చెబుతుంటాను. ఆయన నవ్వుతారు, అత్తగారు "పాపం, వాడు మాత్రం ఏం చేస్తాడు, బ్రేకుకి నోరుందా, కాదనడానికి?" అంటారు. పడని బ్రేకుల్ని నా సర్వీసులో వేళ్ళ మీద లెక్కపెట్టగలను, ఒక చెయ్యి చాలు. కాబట్టి ఒక మనిషి తలవని తలంపుగా బ్రేకుల మీద పడ్డాడంటే నా చెవులు వాటంతట అవే నిక్కుతాయి. అందులోనూ ఈ మనిషి. హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఇంట్లో ఆయన బాగుచేసినది వంటింటి పంపు ఒక్కటే. వాషరు మార్చారు. ఆ రోజునుంచీ కింద చెంబు పెట్టి ఉంచుతున్నాం.

"వదులు." వదిలాను. "ఒరేయ్" అన్నారు అత్తగారు మెట్టు మీదనుంచి, "కారుకి నొప్పులొచ్చాయా ఏంట్రా? పొద్దున్నించీ నొక్కు నొక్కు అంటున్నావు. మగపిల్లాడా, ఆడపిల్లా?"

"అమ్మా, నువ్వు లోపలికెళ్ళు" కారు కిందనుంచి ఆయన గొంతు వచ్చింది.

"ఎందుకెళ్ళాలి? నా గుమ్మంలో కాన్పవుతుంటే నేను లోపల కూర్చోవాలా? నీ కాన్పుకి నా దగ్గర ఎవరున్నారో తెలుసా? ఎవరూ లేరు, మీ నాన్న సినిమాకెళ్ళాడు." ఒక కాయ పగిలి గింజ గచ్చు మీద దొర్లింది. నాకు నవ్వొచ్చింది. నవ్వు ఆపుకున్నాను, పెడల్ మీద కాలు కదులుతుందని.

వీధి చివర మెకానిక్కు ఉన్నాడు. కారు కొన్నప్పటినుంచీ వాడే చూస్తున్నాడు. పోయిన నెల వాడి దగ్గరే సర్వీసు చేయించాం, బ్రేకులకింకా ఏడాది ఢోకా లేదన్నాడు, చెయ్యి తిరిగినవాడు అని ఈయనే మెచ్చుకున్నారు. మరి ఇప్పుడు వాడి దగ్గరికి ఎందుకు తీసుకెళ్ళలేదు? వాడికి తీరిక లేదట, అని నాతో అన్నారు. అదే రోజు సాయంత్రం అత్తగారితో "వాడి మీద నాకు నమ్మకం పోయింది" అనడం విన్నాను. ఒక పనికి రెండు కారణాలు చెప్పినవాడి కాగితాన్ని మా ఆఫీసులో పక్కన పెడతాం. ఒకటి నిజమైతే రెండోదాని అవసరమేముంది. రెండూ ఒకేచోట చెబితే మతిమరుపు అనుకోవచ్చు, ఒక్కొక్కరికి ఒక్కొక్కటి చెబితే అది మతిమరుపు కాదు. అదీగాక మేడ మీద ఫోన్లు. ఈ వారమంతా అన్నం తిని చెయ్యి కడుక్కోగానే మేడెక్కడం, గొంతు తగ్గించి మాట్లాడడం, నేను బట్టలు తియ్యడానికి వెళితే "సరే, మళ్ళీ చేస్తా" అని పెట్టెయ్యడం. ఎవరని అడగలేదు. అడగను. పెళ్ళైన కొత్తలో ఒకసారి ఎక్కడికెళ్ళారు, ఎవరితో వెళ్ళారు, ఎప్పుడొచ్చారు అని వరసగా అడిగితే ఆయన "నన్ను సాక్షిని చేసి అడగకు, ఆఫీసు ఆఫీసులో వదిలి రా" అన్నారు. ఆ రోజునుంచీ అడగడం మానేశాను. చూస్తాను, విని ఊరుకుంటాను, దాచుకుంటాను. అడగడం కంటే ఇదే ఎక్కువ పని.

"ఆగు, ఆయిలు పోసి వస్తా." ఆయన లేచారు. చొక్కా వీపంతా గచ్చు మట్టి. నా పక్కనుంచే వెళ్ళి బానెట్టు కింద తల పెట్టారు. నా వైపు చూడలేదు. చూసే పనిలో లేరని అనుకోవచ్చు, చూడకూడదనే పనిలో ఉన్నారనీ అనుకోవచ్చు. గచ్చు మీద పాత పేపరు పరిచి స్ప్రింగులు, క్లిప్పులు వరసగా పెట్టారు, అరిగిన ప్యాడ్లు ఒక పక్కన. ముందు చక్రాలు రెండూ అయ్యాయి, వెనక కుడి అయింది, ఇదొక్కటే ఉంది. కుడి చక్రం మూసేశాక ఒక క్లిప్పు పేపరు మీద మిగిలింది. "ఇదేంటి?" అంటే "అది పాతది" అన్నారు, తడుముకోకుండా. పాతవాటిలో దాని జత ఎక్కడుందో నేను చూశాను, కనపడలేదు. పాతదే అయి ఉండవచ్చు. కాకపోనూవచ్చు. సాయంత్రం చీకటి పడే వేళకి చేతులు తుడుచుకుంటూ లోపలికి వచ్చి "కాలేదు, ఒక వస్తువు తక్కువైంది, రేపు షాపు తెరిస్తే గాని రాదు" అంటారని పొద్దున్నుంచీ అనుకుంటున్నాను. ఆ మాట ఆయన గొంతులో ఎలా ఉంటుందో కూడా వినపడుతోంది, కొంచెం జాలి, కొంచెం అలసట. అప్పుడు నేనేమనాలి? పర్లేదు అనాలి. ఎవరైనా అదే అంటారు.

పోస్టింగు ఆర్డరు చేతికొచ్చిన రోజు ఆయనకు చూపించాను. చదివారు. వెనక్కి తిప్పి వెనక ఏముందో చూశారు, ఏమీ లేదు. "నీ ఇష్టం" అన్నారు. బాగుంది అనలేదు, వద్దు అనలేదు. నీ ఇష్టం అన్న మాటని నేను ఎన్ని కాగితాల్లో చదివానో. భర్త చెప్పాడు నీ ఇష్టం అని, అన్న చెప్పాడు నీ ఇష్టం అని, ఆ తర్వాతే బండి గోడలోకి వెళ్ళింది. వద్దన్నవాడితో పోట్లాడవచ్చు. నీ ఇష్టం అన్నవాడితో ఏం పెట్టుకుంటాం. ఆయన చెడ్డవాడు కాదు. నా బల్ల మీదికి వచ్చే కాగితాల్లో కూడా చెడ్డవాళ్ళు తక్కువ. మామూలు వాళ్ళే, ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్ళే, ఒకచోట ఒక మాట మార్చి రాస్తారు. అడిగితే ఇంటి కోసమే అంటారు. ఇల్లు ఇలాగే ఉండాలి, సాయంత్రం ఆరింటికి ఆవిడ ఇంట్లో ఉండాలి, అమ్మ ఒక్కతే ఉండకూడదు. ఇవి తప్పు కోరికలు కావు. తప్పు కాని కోరిక ఉన్న మనిషినే ఎక్కువ గమనించాలి, వాడు తనని తాను అనుమానించుకోడు.

"నొక్కు." ఎప్పుడు వెళ్ళి పడుకున్నారో చూడలేదు. "నొక్కాను." "పట్టుకో." పట్టుకున్నాను. నా ఎదురుగా డయల్లో కిలోమీటర్ల అంకెలు ఉన్నాయి, చక్రాల్లా తిరిగే పాత రకం. పోయిన వారం శుక్రవారం సాయంత్రం ఆఫీసునుంచి వచ్చి తాళం తీస్తూ వాటిని చూశాను, అలవాటు. శనివారం పొద్దున్నే రైల్లో అక్కావాళ్ళింటికి వెళ్ళాను, ఆదివారం రాత్రి వచ్చాను. సోమవారం పొద్దున కార్లో కూర్చుంటే పెడల్ అందలేదు. సీటు ఒక గంటు వెనక్కి ఉంది. ఆయన కాళ్ళు పొడుగు. అంకెలు ఎనభై ఆరు ముందుకి జరిగాయి. కొండ కింద ఊరు మాకు నలభై మూడు కిలోమీటర్లు. లెక్కల మాస్టారి భార్యని, ఆ మాత్రం గుణకారం వచ్చు. కార్లో ఏదో కాలిన వాసన, ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ మాడినట్టు. బంపరు ఎడమ మూల ఒక గీత. "ఇదెప్పుడు పడింది?" అన్నాను ఎవరినో అడిగినట్టు. "పాల వ్యానువాడై ఉంటాడు" అన్నారు పేపరు దించకుండా. పాల వ్యాను మా వీధికి కుడి పక్కనుంచి వస్తుంది. గీత ఎడమ పక్కన.

అంటే వెళ్ళారు. అక్కడ ఆయనకు బంధువులు లేరు, స్నేహితులు లేరు, స్కూలు పని లేదు. అక్కడ ఉన్నది మా బ్రాంచి. శనివారం మధ్యాహ్నం దాకా తెరిచి ఉంటుంది. గురువారం అక్కడి మేనేజరు ఫోను చేసి ఎప్పుడొస్తున్నారని అడిగి, చివర్లో "మీవారు టీచరు కదండీ, ఆయనకు ఇబ్బంది లేదుగా?" అన్నాడు. నేనెప్పుడూ చెప్పలేదు. నా ఫైల్లో ఉంటుందేమో. ఫైల్లో భర్త ఉద్యోగం రాసే గడి ఉందా? ఉందనే గుర్తు. లేదేమో. ఒక మనిషి శనివారం పూట ఆఫీసుకి వెళ్ళి, బల్ల ముందు కూర్చుని, అమ్మకి ఒంట్లో బాగుండదండీ, ఆవిడ ఒక్కతే కొండ దారిలో, మీరే కొంచెం ఆలోచించండి, అని చెప్పి టీ తాగి వచ్చినట్టు నాకు కనపడింది. బల్ల కనపడింది, టీ గ్లాసు కనపడింది, గ్లాసు పక్కన ఆయన కళ్ళజోడు మడిచి పెట్టడం కనపడింది. చూడని దాన్ని ఇంత వివరంగా చూసినవాళ్ళని నేను ఆఫీసులో నమ్మను.

"వదులు." వదిలాను. "వీడికి ఆ రోజు కారు వేసుకెళ్ళి వచ్చిన కాణ్ణుంచీ నిద్ర లేదమ్మాయ్" అన్నారు అత్తగారు, బఠాణీ తొక్కల్ని చేటలో ఒక పక్కకి తోస్తూ. "రాత్రిళ్ళు ఫోన్లో ఆ చక్రాల సినిమాలే చూస్తున్నాడు. నేను మంచినీళ్ళకి లేస్తే..."

"అమ్మా!" అన్నారు కారు కిందనుంచి.

అంతే, అత్తగారు ఇంకో కాయ అందుకున్నారు. నేను అడగని సాక్షి తనంతట తను చెప్పిన మాట అది. మా ఆఫీసులో దానికి విలువ ఎక్కువ. ఆ రోజు, అన్నారు. ఏ రోజు? మధ్యలో కోసేశారు కాబట్టి తెలియలేదు. కోసేసినందువల్ల తెలిసిన సంగతి వేరే ఉంది.

నేను చేరినప్పుడు మా విభాగంలో ఒక పెద్దాయన ఉండేవాడు, అందరూ వాన సారు అనేవాళ్ళు. సాక్షి ఎదురుగా కూర్చుంటే ముందు మంచినీళ్ళిచ్చి, ఊరూ పేరూ అడిగి, మధ్యలో ఎక్కడో "అప్పుడు వాన పడుతోంది కదా?" అనేవాడు. వాన పడలేదని ఆయనకు ముందే తెలుసు. లేదండీ, ఎండగా ఉంది అంటే వాడు అక్కడ ఉన్నట్టు. అవునండీ, సన్నగా పడుతోంది అంటే వాడు ఏమీ చూడనట్టు, ఎవరో చెప్పి పంపినట్టు. జరగని దాన్ని ఒకటి మధ్యలో పెట్టు, అవునన్నవాణ్ణి పట్టుకో, అని మాకు నేర్పాడు. ఆయన పోయినా మేము ఇంకా అదే వాడతాం. వాన ప్రశ్న వేశావా అని ఒకరినొకరు అడుగుతాం. నాకు అది అలవాటైపోయింది. అందుకే, నేను అనుకుని చేశానని చెప్పలేను. కాలు తనంతట తనే పెడల్ మీదనుంచి జరిగి కింద పట్టా మీద ఆగింది.

"నొక్కు" అన్నారు. "నొక్కాను" అన్నాను. అబద్ధం చెబితే గొంతు మారుతుందని అంటారు. మారలేదు. "పట్టుకో." "పట్టుకున్నాను." పానా చప్పుడు. నేను స్టీరింగు మీద చెయ్యి పెట్టుకుని విన్నాను. తొక్కనిదే ఆయిలు రాదు. అక్కడ నిజంగా కళ్ళు పెట్టి చూసే మనిషి ఉంటే రాలేదనాలి, మళ్ళీ నొక్కమనాలి, ఏమైందని లేచి రావాలి. పానా తిప్పడమే పనిగా పెట్టుకుని నాకు చప్పుడు వినిపిస్తున్న మనిషైతే ఏమంటాడో తెలుసు. చప్పుడు ఆగింది. చాలాసేపు ఆగింది. తిరిగి పానా చప్పుడు, బిగింపు. "సరే" అన్నారు. "వదులు."

"వదిలాను" అన్నాను. వదలడానికి ఏమీ లేదు. ఒక్కసారికే తేల్చెయ్యకూడదు, చెమట కంట్లో పడి ఉండవచ్చు, తల తిప్పి ఉండవచ్చు, సాక్షికి రెండో అవకాశం ఇవ్వాలి, అదీ వాన సారు చెప్పినదే. "నొక్కు." "నొక్కాను." కాలు పట్టా మీదే. "పట్టుకో." "పట్టుకున్నాను." ఈసారి ఇంకా ఎక్కువసేపు. ఏదో ఇనుముకి ఇనుము తగిలిన చప్పుడు, గొట్టాన్ని గిల్లినట్టు ఒక చప్పుడు, తర్వాత ఏమీ లేదు. అత్తగారు ఒలుస్తున్న కాయ చిట్లిన చప్పుడు కూడా విన్నాను. అను, రాలేదను, అనుకున్నాను. నా వైపునుంచి అంతకంటే ఏం అడగగలను. "సరే" అన్నారు ఆయన. "వదులు."

నేను కారు దిగాను. దిగేటప్పుడు ఏమనాలో మనసులో వరసగా పెట్టుకున్నాను. చాలించండి అనాలి. శనివారం ఎవర్ని కలిశారు అనాలి. ఈ బండి నాకు వద్దు, నేను నడిచైనా దిగుతాను అనాలి. ఎన్ని ఏళ్ళనుంచో అడగని ప్రశ్నలన్నీ ఒకదాని వెనక ఒకటి క్యూ కట్టాయి. కారు వెనక్కి తిరిగి వెళ్ళాను. ఆయన అట్టముక్క మీద పక్కకి ఒరిగి పడుకుని ఉన్నారు. తల చక్రం ఉండే చోట దూర్చి ఉంది. సీసా ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, గొట్టాన్ని కంటికి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు. కళ్ళజోడు నుదుటి మీదికి ఎక్కింది. నన్ను చూసి లేచి కూర్చోబోయి తల పైన ఇనుముకి కొట్టుకున్నారు.

"రావడం లేదు" అన్నారు, నెత్తి రుద్దుకుంటూ. "ఇందాకటి దాకా వచ్చింది. బుడగలు కూడా తగ్గాయి. రెండుసార్లనుంచీ చుక్క లేదు. పైన ఆయిలు తోసే పంపు పోయిందో, గొట్టంలో ఏదైనా అడ్డం పడిందో. ఏదో తప్పు చేశాను, ఎక్కడ చేశానో తెలియడం లేదు." ఆగి, నా వైపు కాకుండా సీసా వైపు చూస్తూ, "రేపు ఈ బండి తియ్యకు" అన్నారు.

ఆ మాట. పొద్దున్నుంచీ నేను ఎదురుచూస్తున్న మాట, అదే గొంతు, కొంచెం జాలి, కొంచెం అలసట. కానీ దాన్ని ఆయన నోట్లో పెట్టింది నేను. నేను ఊరుకుంటే ఈ బండి రేపు కదలదు, నా తర్వాతివాడు బ్యాగు ఎత్తుకుంటాడు, నా అనుమానం నిజమయిందని నేను జీవితాంతం చెప్పుకోవచ్చు. ఊరుకోకపోతే ఎందుకో చెప్పాలి.

"నేను నొక్కలేదు" అన్నాను.

"ఏంటి?"

"ఆ రెండుసార్లూ. కాలు కింద పెట్టుకుని నొక్కానన్నాను."

ఆయన నన్ను చూశారు. అర్థం చేసుకోవడానికి ఎంతోసేపు పట్టలేదు. వాన సారు కథ అన్నాల దగ్గర నేను చెప్పినదే, ఒకసారి కాదు. "వానా?" అన్నారు. తలూపాను. పానా గచ్చు మీద పెట్టారు, మెల్లగా, చప్పుడు కాకుండా.

"మరి మీరు సరే అన్నారేం?" అన్నాను. తప్పు నాదైనా ప్రశ్న నాదే, అలవాటు. "రాకపోతే రాలేదనాలిగా?"

"ఏమనమంటావు? నువ్వు అక్కడ కూర్చుని ప్రతి మాటా వింటున్నావు. రాలేదంటే ఇక ఈ బండిని నమ్ముతావా? మొదటిసారి నేనే సరిగ్గా విప్పలేదేమో అనుకున్నా." చేతుల్ని గుడ్డకి తుడుచుకున్నారు, మసి వేళ్ళనుంచి అరచేతుల్లోకి మారింది. "నువ్వు మీ అక్కావాళ్ళింటికి వెళ్ళినప్పుడు కారు వేసుకుని కొండ దిగాను. నువ్వు రోజూ దిగాల్సిన దారి ఒకసారి చూద్దామని. సగం దాకా బాగానే ఉంది. ఆ తర్వాత పెడల్ మెత్తబడింది. ఒక మలుపులో తొక్కితే అడుక్కి పోయింది. గేరు తగ్గించి, చేతి బ్రేకు లాగి, కొండ వైపు గోడకి ఆనించి ఆపాను. చాలాసేపు అక్కడే కూర్చున్నా. చల్లబడ్డాక మళ్ళీ పట్టుకుంది, మెల్లగా దిగి, మెల్లగా వచ్చేశాను. ఊళ్ళో తిరగడానికి చాలు గాని ఆ దిగుడుకి ఆగవు, ఈ వారమంతా మేడ మీదనుంచి షాపులకి ఫోన్లు చేస్తే నిన్నటికి ఈ ప్యాడ్లు దొరికాయి."

"నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పను? బ్రేకు పడలేదు అనా?" నవ్వబోయి ఆపుకున్నారు. "ఈ ఇంట్లో ఆ మాట అన్నవాళ్ళందరూ దొంగలేగా. అందులోనూ నువ్వు కొత్త పోస్టుకి బయల్దేరే ముందు. వెళ్ళకు అనడానికి కథ అల్లానంటావు. అనవూ?"

అంటాను. అన్నాను కూడా, లోపల, పొద్దున్నుంచీ. ఎనభై ఆరు కిలోమీటర్లు సరిపోయాయి. సీటు సరిపోయింది, వాసన సరిపోయింది, బంపరు ఎడమ మూల గీత సరిపోయింది. మెకానిక్కు మీద నమ్మకం ఎందుకు పోయిందో, నాతో ఎందుకు తీరిక లేదన్నారో, రెండూ సరిపోయాయి. అన్నీ ఇంత బాగా సరిపోయిన కాగితాన్ని మేము ఆఫీసులో ఇంకోసారి చూడమని వెనక్కి పంపుతాం. ఒక్క ప్రశ్న మిగిలింది. శనివారం వెళ్ళారా, ఆదివారం వెళ్ళారా? ఆదివారమైతే ఆఫీసు మూసి ఉంటుంది, ఆ బల్లా ఆ టీ గ్లాసూ నేను కట్టుకున్నవే. శనివారమైతే తెరిచి ఉంటుంది. నాలుక చివరిదాకా వచ్చింది. భయపడ్డవాళ్ళు కూడా వాన పడిందనే అంటారని, వాళ్ళని ఏం చెయ్యాలని, మా వాన సారు ఎప్పుడూ చెప్పలేదు.

ఆయన లేచి నిలబడి పానా నా చేతికిచ్చారు. "నువ్వు పడుకో ఇక్కడ" అన్నారు. కోపంగా అనలేదు, కోపం లేదని కూడా చెప్పలేను. "నేను వెళ్ళి తొక్కుతా. నీ కళ్ళతో నువ్వు చూసుకో." ఇంకేం మాట్లాడకుండా ముందుకి వెళ్ళిపోయారు. కారు తలుపు దగ్గర సీటు జరిగిన చప్పుడు. నేను అట్టముక్క మీద పడుకున్నాను. వీపు కింద ఒక రాయి ఉంది, ఆయన ఇంతసేపూ దీని మీదే ఉన్నారా. తల మీద కారు బరువంతా రెండు స్టాండ్ల మీద ఆగి ఉంది. నట్టు దొరికింది. గొట్టం దొరికింది, సీసాలో టీ డికాక్షను రంగులో పాత ఆయిలు. ఇక్కడినుంచి కారు ముందు భాగం ఏమీ కనపడదు. ఒక గొంతు మాత్రం వస్తుంది.

"నొక్కండి" అన్నాను. "నొక్కాను" అన్నారు. "పట్టుకోండి." "పట్టుకున్నాను." నట్టు విప్పాను. గొట్టంలో ఏమీ కదల్లేదు. ఇంకొంచెం విప్పాను. ఏమీ లేదు. నేను సరిగ్గా విప్పలేదేమో, ముందు అదే అనుకున్నాను. పైనున్న పంపు నిజంగానే పోయిందేమో, రేపు నిజంగానే బండి లేదేమో. గొట్టాన్ని గోటితో గిల్లి చూశాను. చెమట కంట్లోకి కారింది, తుడుచుకుందామంటే రెండు చేతులూ ఖాళీ లేవు. అప్పుడు నోట్లోకి ఒక మాట వచ్చింది. సరే. అంతకంటే సులువైన మాట ఇంకోటి లేదు. అనేస్తే పని ముందుకి సాగుతుంది, నాకు చేతకాలేదని ఎవరికీ తెలియదు, ఆయన వదిలానంటారు, మళ్ళీ మొదలుపెడతాం. ఆ మాట దాదాపు బయటికి వచ్చేసింది.

"మీరు నొక్కలేదు" అన్నాను.

ముందు సీటు కిర్రుమంది.

"నొక్కలేదమ్మాయ్" అన్నారు అత్తగారు మెట్టు మీదనుంచి. "కాలు కింద పెట్టుకుని కూర్చున్నాడు. ఇందాక నువ్వూ అంతేగా, రెండుసార్లు. తలుపు తీసే ఉంది, మీ ఇద్దరి కాళ్ళూ నాకు కనపడుతూనే ఉన్నాయి. ఈ పనికి అదేదో పద్ధతేమో అనుకుని ఊరుకున్నా."

కార్లోంచి ఆయన నవ్వారు. ముందు ముక్కుతో, తర్వాత గట్టిగా. కారు స్టాండ్ల మీద కొంచెం ఊగింది. "నవ్వకండి, నేను కింద ఉన్నాను" అని అరిచాను. ఊగడం ఆగింది. నేను నట్టు బిగించాను. శనివారమా, ఆదివారమా, ఆవిడకు తెలిసే ఉంటుంది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఆ మెట్టు మీదే ఉంటారు, కారు ఎప్పుడు వెళ్ళిందో ఎప్పుడు వచ్చిందో చూసే ఉంటారు. ఒక్క మాట అడిగితే చాలు, అడక్కపోయినా చెప్పే మనిషి.

"నొక్కండి" అన్నాను.

"నొక్కాను" అన్నారు.

"ఈసారి నొక్కాడు" అన్నారు అత్తగారు.

"నేను మిమ్మల్ని అడగలేదు, అత్తయ్యా" అన్నాను. పానా నట్టుకి తగిలించాను. "పట్టుకోండి."